వాపసు వచ్చిన పరుపు

"లోపలికి తేవద్దు! గడప లోపల కాలు పెట్టినవంటే చూడు!"

షమ్షున్నీసా వేసిన కేకకు ట్రాలీ ఆటో ఓంప్రకాశ్ సందులోనే నిలబడిపోయాడు. పరుపు ఒక కొస అతని భుజం మీద ఉంది, రెండో కొస ఇంకా ఆటోలోనే ఉంది. ముందుకు పోదామంటే ముసలావిడ ఒప్పుకోదు, వెనక్కి పోదామంటే పరుపు ఒప్పుకోదు.

"పెద్దమ్మా, భుజం గుంజుతున్నది. మరి యాడ దించాలె?"

"యాడన్న దించు. నా ఇంట్ల మాత్రం దించకు."

లోపల దూది ఏకే మిషన్ చప్పుడు ఆగింది. ఆవిడ కొడుకు జహీరుద్దీన్ బయటికి వచ్చాడు. జుట్టులో దూది, మీసాల మీద దూది, కనుబొమ్మల మీద దూది. నలభై రెండేళ్ల మనిషి పనిలో ఉన్నప్పుడు అరవై దాటినవాడిలా కనిపిస్తాడు. ఆటోలోంచి వేలాడుతున్న పరుపును చూడగానే గుర్తుపట్టాడు. నీలం చారల గుడ్డ, అంచున రెండు వరసల కుట్టు. పోయిన వారం తన చేతులతో కుట్టి స్టేడియం హాలుకు ఊరికే ఇచ్చిన పరుపు అది.

జహీరుద్దీన్ తండ్రి కుట్టినవైనా, జహీరుద్దీన్ కుట్టినవైనా, ఆ ఇంటి పరుపులు సిద్దిపేట నుంచి తొగుట దాకా, వర్గల్ దాకా పెళ్లిళ్లకు పోయాయే తప్ప ఒక్కటీ వాపసు రాలేదు. రావడానికి వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. ఏళ్లు గడిచి పరుపు గట్టిపడ్డాక జనం కుట్లు విప్పి, దూదిని మూటగట్టి తెస్తారు. దాన్ని మళ్లీ ఏకి కొత్త పరుపు చేస్తారు. దూదిగా వస్తే అది గౌరవం. పరుపు పరుపుగానే వచ్చిందంటే కుట్టినవాడి పనితనాన్ని నలుగురిలో మొహాన కొట్టినట్టే. అందుకే షమ్షున్నీసా గడపకు అడ్డం నిలబడింది.

ఈ పద్ధతి తెలియని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరే దాన్ని పట్టపగలు, అంగడి రోజున, బజారంతా ఊరేగించి పంపారు. ఆటో వెనకాలే స్కూటీ మీద వచ్చి దిగింది ప్రవీణ, స్టేడియంలో పిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పే కోచ్. వెనక సీటు మీద జహీరుద్దీన్ కూతురు ఉమైమా కూర్చుని ఉంది. పదేళ్ల ఆ పిల్ల కుడి కాలికి తెల్లటి పట్టీ చుట్టి ఉంది. మొహంలో మాత్రం నొప్పి కన్నా ఊరేగింపులో వచ్చిన సంబరమే ఎక్కువగా ఉంది.

"యా అల్లా! కాలికేమైంది?" కుట్టుమిషన్ దగ్గర నుంచి తల్లి సల్మా పరుగెత్తుకొచ్చింది.

"భయం లేదక్కా. దవాఖానల చూపిచ్చిన. బొక్కకేం గాలే. జర మెలికపడ్డది, గంతే. కొన్ని దినాలు ఊకుంటే తగ్గుతదన్నరు."

"ఎట్ల మెలికపడ్డది?" జహీరుద్దీన్ అడిగాడు.

ప్రవీణ హెల్మెట్ పట్టీ సవరించుకుంది. ఓంప్రకాశ్ తన భుజం మీది బరువును ఓరగా చూసి చూపు తిప్పుకున్నాడు. చివరికి ఉమైమాయే తండ్రి వైపు చూసి చెప్పింది.

"నీ పరుపు మీదనే అబ్బా."

జహీరుద్దీన్‌కు తల కొట్టేసినంత పనైంది. పోయిన వారం అతను మొదటిసారి ఆ హాలుకు పోయాడు. సిమెంటు గచ్చు మీద సన్నటి జంపఖానా పరిచి, దాని మీద పిల్లలు తలకిందులవుతుంటే చూసి పరుపులవాడి ప్రాణం ఆగలేదు. ఊరందరికీ మెత్తటి పడకలు కుట్టే తాను సొంత బిడ్డను గచ్చు మీద దొర్లనిస్తున్నానా అని మనసు కలుక్కుమంది. ఇంటికి వచ్చి, పెళ్లి ఆర్డర్లు పక్కన పెట్టి ఈ పరుపు పని పట్టుకున్నాడు.

"మేడం, దీంట్ల ఏ దూది పెట్టిన్నో తెలుసా మీకు? బూరుగు దూది. పెండ్లికొడుకు పరుపుల గూడ గింత మెత్తటిది పెట్టలే. చేత్తోని ఏరి ఏరి నింపిన."

"తెలుసన్నా. పరుపు మస్తున్నది. గదే కష్టమొచ్చింది."

"మస్తుంటే కష్టమేంది?"

"మరీ మెత్తగున్నదన్నా."

ఇన్నేళ్లలో జహీరుద్దీన్ తన పరుపుల మీద అన్ని రకాల మాటలూ విన్నాడు. పొడుగు తగ్గిందన్నారు, రంగు వెలిసిందన్నారు, పెళ్లయిపోయాక తెచ్చావన్నారు. మరీ మెత్తగా ఉందన్నవాళ్లు ఇంతవరకు పుట్టలేదు. కోపం నషాళానికి అంటింది.

"తప్పు మీ ఆటల ఉన్నది మేడం, నా పరుపుల కాదు. మనిషి సక్కగ నడుస్తె ఎందుకు పడ్తడు? తలకాయ కిందికి, కాళ్లు మీదికి వెడితె పడక ఏమైతడు? ఇయ్యాల్టి సంది బంద్. ఉమైమా రాదు."

ఉమైమా మొహంలో సంబరం ఆరిపోయింది.

"అన్నా, వచ్చే నెల జిల్లా టీం సెలక్షన్లున్నయి. గప్పటికి కాలు మంచిగైతది. గీ పిల్ల గాలిల తిరుగుతుంటే..."

"సెలక్షన్లుంటే ఉండనియ్యిన్రి. సిద్దిపేటల ఇంక పిల్లలు లేరా?"

"బంద్ అనేతందుకు మీరొక్కలేనా?"

ఆ మాట అన్నది సల్మా. గట్టిగా కూడా అనలేదు. కూతురి కాలి పట్టీ సవరిస్తూ, తల ఎత్తకుండా అంది. పొద్దున్నే పిల్లను స్టేడియానికి తీసుకుపోయేది ఆమె, చెమట బట్టలు ఉతికేది ఆమె. అయినా భర్త మాటకు నలుగురిలో ఎదురు చెప్పడం మాత్రం ఇదే మొదలు. జహీరుద్దీన్ మీసం మీది దూది తుడుచుకున్నాడు. ఎదురింటి వాకిట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

"నా భుజం పోయిందన్నా," అన్నాడు ఓంప్రకాశ్.

"దించురా," అంది షమ్షున్నీసా. "గా ప్లాస్టిక్ పట్టా పరిచి గీ సందులనే దించు. ఇంట్లకు రానిదాన్ని బయటనే తేల్చుకుందాం. సల్మా, అందరికి చాయ్ పెట్టు. బిడ్డా ప్రవీణా, గిట్ల కూసో. అసలు గీ ఆట ఏందో ఇంట్ల అందరికి తెలుసు, నాకే ఎవలు చెప్పలే. సర్కస్సా? కుస్తీనా? మొదటికెల్లి చెప్పు. ఇన్నంక బందో కాదో నేను చెప్త."

"అమ్మా, నువ్వెందుకు మధ్యల..."

"ఇంటికి పెద్ద నేనా, నువ్వా?"

జహీరుద్దీన్ గుంజకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

స్టూళ్లు, ఒక బల్ల వచ్చాయి, చాయ్ వచ్చింది. పరుపు పట్టా మీద నడిసందులో పడి ఉంది. దాని చుట్టూ జనం చేరారు. ప్రవీణ ఎన్నో బళ్లలో ఈ ఆట గురించి చెప్పింది కానీ, ఇంత శ్రద్ధగా వినే తరగతి ఎప్పుడూ దొరకలేదు.

"సర్కస్ కాదు దాదీ. సర్కస్ చూసెటోళ్ల కోసం చేస్తరు. గీడ మన ఒళ్లు మన మాట ఇనేటట్టు చేసుకునుడే ఆట. శాన పాతది. గ్రీసు దేశంల వేల ఏండ్ల కిందనే మగపోరగాండ్లకు దీనికోసం ఒక జాగ ఉండేది. ఉరుకుడు, దుంకుడు, కుస్తీ, అన్నీ గాడనే."

"మన పైల్వాన్ల తాలీంఖానా లెక్క."

"అచ్చం గట్లనే. కాకపోతే వాళ్లు ఒంటి మీద బట్టలు..." ప్రవీణ ఓంప్రకాశ్ వైపు చూసి ఆగింది. "గా సంగతి ఇంకోసారి చెప్త."

"ఇప్పుడే చెప్పు," అంది షమ్షున్నీసా. సల్మా చాయ్ గ్లాసు చేతిలో పెట్టి అత్తను మాట మరిపించింది.

"తర్వాత రోమ్ సిపాయిలు. గుర్రమెక్కుడు, దిగుడు నేర్సుకునేతందుకు చెక్క గుర్రం చేసుకున్నరు. ఇప్పటికీ మగోళ్ల ఆటల గా గుర్రం ఉన్నది. తలకాయ, తోక లేవు, గంతే. రెండు వందల ఏండ్ల కింద జర్మనీల ఒక పంతులు, పిల్లగాండ్లను బడి గదులకెల్లి మైదానానికి తోల్కపోయి, కట్టెలతోని బార్లు కట్టిచ్చి వేలాడమన్నడు. ఇయ్యాల మనం చూసే ఆట శాన మటుకు గాడికెల్లి పెరిగిందే. ఈ కాలపు ఒలింపిక్స్ షురువైన మొదటిసారే దీన్ని పెట్టిన్రు."

"అప్పుడు ఆడపిల్లలు గూడ ఉన్నరా?" సల్మా అడిగింది.

"లేరక్కా. మొత్తం మగోళ్లే. ఆడోళ్లకు జాగ దొరికేతాలకు ఇంకో ముప్పై ఏండ్లు దాటింది. ఇప్పుడు మనకు నాలుగు ఆటలున్నయి. ఉరికొచ్చి బల్ల మీదికెల్లి ఎగిరి దుంకేది ఒకటి. ఎక్కువ తక్కువ ఎత్తుల రెండు బార్లు ఒకటి. ఉత్త నేల మీద పాటకు చేసేది ఒకటి. ఇంకోటి దూలం. బెత్తెడంత ఎడల్పుంటది. దాని మీదనే నడవాలె, ఎగరాలె, తిరగాలె."

"బెత్తెడా!" షమ్షున్నీసా తన చేతి వేళ్లను చూసుకుని గుండెల మీద పెట్టుకుంది.

"దాని మీద నేను సగం దాక నడిచిన దాదీ," అంది ఉమైమా.

"మిగిలిన సగం?"

"కింద పడ్డ."

అందరూ నవ్వారు, గుంజకు ఆనుకున్న మనిషి తప్ప.

"మొదటిరోజే ఎవ్వలను ఎగరనియ్యం," అంది ప్రవీణ. "ముందుగాల ఒళ్లు వెచ్చ చేసుకోవాలె, కీళ్లు సాగదీసుకోవాలె. గోడకు కాళ్లానిచ్చి చేతుల మీద నిలబడాలె. గడ్డం ఛాతికి ఆనిచ్చి, వీపు గుండ్రంగ చేసి దొర్లాలె. బండి చక్రం లెక్క పక్కకు తిరగాలె. వీటన్నిటికన్న ముందు పడుడు నేర్పుతం."

"పడుడు గూడ నేర్పుతరా? మావోనికి ఎవ్వలు నేర్పకుండనే వచ్చు," అంది షమ్షున్నీసా కొడుకును చూపించి.

"ఇగ అన్నిట్ల ఆఖరుది దిగుడు. గాలిల ఎంత మంచిగ తిరిగినా, దిగినంక కాలు కదిలిందంటే మార్కులు పోతయి. రెండు పాదాలు ఒక్కసారే ఆనాలె, మోకాళ్లు వంగాలె, ఆగాలె. ఒళ్లు ఇంక తిరుగుతుంటది, పాదం మాత్రం ఆగాలె. అన్న పరుపుల పాదం ఆగుతలేదు. ఒక దిక్కుకు దిగబడిపోతున్నది. గందుకే మెలికపడ్డది. పిల్లలేమో మెత్తగున్నదని దాని మీదికే ఉరుకుతున్నరు. గందుకే వాపసు తెచ్చిన. మీ ఇంట్ల గిట్ల తేవద్దని నాకు తెల్వదు అన్నా, తప్పైంది."

"ఒట్టి మాట," అన్నాడు జహీరుద్దీన్. "పరుపు మీద పడితే ఎవలికన్న దెబ్బ తాకుతదా?"

"అయితే మీరే దుంకున్రి."

"నేనా?"

"మీరే. గా బల్ల మీదికెల్లి."

సందు మొత్తం కదిలింది. ఆడవాళ్లు గుమ్మాల్లోంచి అరుగుల మీదికి వచ్చారు. ఎవరో ఫోన్ తీశారు. దూకనంటే పరుపులో తప్పుందని ఒప్పుకున్నట్టు, దూకుతానంటే ఈ వయసులో ఇంతమందిలో దూకాలి. జహీరుద్దీన్ లుంగీ ఎగగట్టి బల్ల ఎక్కాడు. కింద నుంచి చూసినప్పుడు మోకాలి ఎత్తు ఉన్న బల్ల, ఎక్కాక నడుమంత ఎత్తు పెరిగింది. తల్లి వైపు చూశాడు. ఆవిడ చాయ్ ఊదుకుంటోంది.

"చేతులు ముందటికి వెట్టు అబ్బా! మోకాళ్లు వంచు!" ఉమైమా స్కూటీ మీద నుంచే హుకుం జారీ చేసింది.

దూకాడు. మొదటి క్షణం హాయిగానే ఉంది. తన బూరుగు దూది తన పాదాలను ఆప్యాయంగానే అందుకుంది. ఎడమ కాలికి అడుగు తగిలింది, కుడి కాలు ఇంకా లోపలికి పోతూనే ఉంది. రెండు చేతులూ గాలిలో ఏదో వెతికాయి. అది దొరకలేదు. మరుక్షణం జహీరుద్దీన్ నడుం పరుపు మీద, తల ఓంప్రకాశ్ చెప్పుల పక్కన, కాళ్లు ఆకాశంలో ఉన్నాయి.

అప్పుడు షమ్షున్నీసా నవ్వింది. పళ్లు లేని నోటితో, చాయ్ ఒలికిపోయేలా నవ్వింది.

"దిగుడు మంచిగనే ఉన్నదన్నా," అన్నాడు ఓంప్రకాశ్ వంగి చూస్తూ. "ఎటు దిక్కు దిగిన్రో గదే సమజ్ కాలే."

ఇక సందును ఎవరూ ఆపలేకపోయారు. సల్మా ఓణీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఉమైమా స్కూటీ సీటును దరువేసినట్టు వాయించింది. జహీరుద్దీన్ కోపం తెచ్చుకోవాలనే చూశాడు, కానీ పడుకున్న చోటి నుంచి అది ఎంతకీ రాలేదు. లేచి కూర్చుని పరుపును అరచేత్తో నొక్కాడు. ఇంకోచోట నొక్కాడు. పడుకున్న మనిషి భుజం ఎక్కడ ఆనుతుందో, నడుం ఎక్కడ దిగుతుందో ఆ చేతికి బాగా తెలుసు. పైనుంచి వచ్చి పడే పాదం గురించి మాత్రం అది ఎప్పుడూ ఆలోచించలేదు.

"మింగుతున్నది," అన్నాడు మెల్లగా. "నేను పండేతందుకు కుట్టిన. మీకు దిగేతందుకు కావాలె." అంటూనే అతనికీ నవ్వు వచ్చింది. "మరి ఎట్లుండాలె మేడం?"

"పాదాన్ని పట్టుకోవాలన్నా, మింగొద్దు."

"మరి సెలక్షన్లు?" ఉమైమా అదను చూసుకుని అడిగింది.

"ముందుగాల పరుపు కానీ. గప్పుడు చూద్దాం."

అవునని అనలేదు, కాదని అనలేదు. ఉమైమా మాత్రం దాన్ని సగం అవును కింద జమకట్టుకుంది.

షమ్షున్నీసా లోపలి నుంచి కత్తెర తెప్పించింది. ఎదురింటి ఆడవాళ్లు కూడా వచ్చి పట్టా చుట్టూ కూర్చున్నారు. కుట్లు విప్పుతుంటే బూరుగు దూది గాలికి లేచి చాయ్ గ్లాసుల్లో పడింది, జడల్లో చిక్కుకుంది. ప్రవీణ కూడా చూస్తుండగానే అరవై దాటింది. పొద్దు వాలేసరికి వాపసు వచ్చిన పరుపు మూటలుగా మారి, గౌరవంగా గడప దాటి ఇంట్లోకి పోయింది.

* * *

కొత్త పరుపు అంత తేలిగ్గా కుదరలేదు. ఉత్త కొబ్బరి పీచుతో చేసి ఇసుక సంచి జారవిడిస్తే దభీమని మోగింది. ఫోమ్ ముక్కలు నింపి విడిస్తే సంచి ఒక పక్కకు ఒరిగింది. ఉమైమా కాలు చాపుకుని కూర్చుని, సంచి పడ్డ ప్రతిసారీ "మార్కులు పోయినయి" అని తీర్పు చెప్పింది. జహీరుద్దీన్ ఏకే మిషన్ ముందు కూలబడ్డాడు.

"మీరు ఏకకున్రి," అంది సల్మా.

సందులో ఆ మాట అన్నాక ఆమె నేరుగా అతనితో మాట్లాడటం ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ కూర చల్లారుతున్నదని కూతురికి చెప్పింది, దారం తెమ్మని అత్తకు చెప్పింది.

"ఏకకుంట పరుపెట్లయితది?"

"జనం తెచ్చి మనకే ఇడిసిన పాత దూది ఉన్నది గదా. పండి పండి గట్టిపడ్డది. మనం దాన్ని మల్ల మెత్తగ చేస్తం. ఈసారి చెయ్యకున్రి. గట్లనే వెట్టున్రి. కింద పీచు, నడుమ గీ ఫోమ్ ముక్కలు, మీద గా దూది. టాకా కుట్లు దగ్గర దగ్గరగ ఏద్దాం."

వంటవాణ్ని పొయ్యి వెలిగించకుండా వండమన్నట్టు ఉంది జహీరుద్దీన్‌కు. మర్నాడు పొద్దున మాత్రం గట్టి దూది మూట విప్పి, మిషన్ వైపు చూడకుండా పరుపులో పరిచాడు. మందపాటి పరుపు కుట్టాలంటే ఇద్దరు కావాలి. దాన్ని నిలబెట్టి, ఇటు అతను, అటు ఆమె కూర్చున్నారు. మధ్యలో పరుపు ఉండటంతో ఒకరి మొహం ఒకరికి కనిపించదు.

"గానాడు నలుగురిల అన్నందుకు కోపమొచ్చిందా?" అటు వైపు నుంచి వినిపించింది.

"వచ్చింది." అతను సూది అటు గుచ్చాడు.

"ఇంక ఉన్నదా?" సూది ఇటు వచ్చింది.

అతను చాలాసేపు దారం గుంజుతూనే ఉన్నాడు.

"నా దిక్కు గట్టిగున్నది. నీ దిక్కే వదులైతుంది, జర గుంజు," అన్నాడు.

పరుపు అవతల సల్మా నవ్విన చప్పుడు వినిపించింది. మధ్యాహ్నానికి టాకాలు అయిపోయాయి. ఇసుక సంచి జారవిడిస్తే పడ్డచోటే కూర్చుంది. ఉమైమా ఎంత వెతికినా మార్కులు తీసేయడానికి వంక దొరకలేదు.

* * *

కాలు పూర్తిగా బాగైందని డాక్టరు చెప్పాకే పరుపును హాలుకు తీసుకుపోయారు. ఓంప్రకాశ్ పక్క సీట్లో షమ్షున్నీసా కూర్చుంది. ఆవిడ స్టేడియం లోపలికి రావడం ఇదే మొదలు. లోపలికి వస్తూనే దూలాన్ని చూసి, దగ్గరికి పోయి, బెత్తె పెట్టి కొలిచి, తల అడ్డంగా ఊపింది.

మొదట ప్రవీణే దూకింది. స్ప్రింగ్ బోర్డు మీద కాలు మోపి, గాలిలో ఒక చుట్టు తిరిగి, పరుపు మీద దిగి అలాగే నిలబడింది. ఆమె కళ్లు మెరిశాయి.

"అన్నా! గిది కావాలె నాకు!"

తర్వాత పిల్లలు వరసగా దూకారు. అందరూ నిలబడ్డారు. ఒకడు నిలబడి, నిలబడ్డానన్న సంతోషంలో పడ్డాడు. జహీరుద్దీన్ ప్రతి పాదం వంకా చూస్తూ, ఒక్కొక్కటి ఆగినప్పుడల్లా పెద్దగా ఊపిరి వదిలాడు. పెళ్లి పరుపుల మీద దీవెనలు అందుకున్న మనిషి. ఇంత సంతోషం ఏ పెళ్లిలోనూ కలగలేదు.

ఉమైమా వంతు వచ్చింది. పరుగెత్తుకొచ్చి బోర్డు ముందు ఆగిపోయింది. వెనక్కి పోయి మళ్లీ పరుగెత్తింది. మళ్లీ అక్కడే ఆగింది.

"కాలు నొస్తున్నదా?" ప్రవీణ అడిగింది.

"లేదు మేడం."

ఉమైమా పక్కకు పోయి పాత జంపఖానా మీద బండి చక్రంలా తిరిగింది, చేతుల మీద నిలబడింది, దొర్లి లేచింది. ఏ భయమూ లేదు. నాన్న కుట్టిన పరుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాళ్లు బిగుసుకుపోయాయి.

జహీరుద్దీన్‌కు అప్పుడు అర్థమైంది. గచ్చు మీద పరిచిన ఆ పలుచటి గుడ్డను తన బిడ్డ నమ్ముతోంది. తన చేతి కుట్టును నమ్మడం లేదు. నడిసందులో పరువు పోయినప్పుడు కూడా అతనికి ఇంత బాధ కలగలేదు. పరుపు అంచున మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాపాడు.

"నేను పట్టుకుంట బిడ్డా. రా."

"అట్ల అడ్డముండొద్దన్నా, మీకు తాకుతది," అంది ప్రవీణ.

"పోనీ ఇంటికి పోదాం పా," అంది షమ్షున్నీసా. ఆవిడ గొంతులో కూడా ధైర్యం తగ్గింది. "ఇంకోనాడు చూడొచ్చు."

బంద్ అన్న మాట మళ్లీ జహీరుద్దీన్ నాలుక చివరికి వచ్చింది. ఇప్పుడంటే ఎవరూ కాదనరు. సల్మా కూడా ఏమీ అనదేమో. అతను ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడటం లేదు, కూతురినే చూస్తోంది. ఆ మాటను మింగేసి లేచి, ఉమైమా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నా పరుపంటే భయమైతుందా?"

ఉమైమా తలూపింది.

"నాకు గూడ అయితుంది," అన్నాడు.

పిల్ల ఆశ్చర్యంగా చూసింది. "నువ్వు గూడ భయపడ్తవా?"

"మస్తు భయం. నువ్వు ఉరుకుతుంటే నా పానం పోతున్నది."

"అగో, గందుకే!" ఉమైమా గొంతు ఒక్కసారి పెరిగింది. "నువ్వు గట్ల మొఖం వెట్టి చూస్తుంటే నాకు ఇంక భయమైతుంది. గా గోడ దిక్కు తిరుగు అబ్బా."

"తిరిగితే దుంకుతవా?"

ఉమైమా గోడ వైపు వేలు చూపించింది.

జహీరుద్దీన్ లేచి గోడ దగ్గరికి పోయి, అటు తిరిగి నిలబడ్డాడు. ముందర పెచ్చులూడిన సున్నం తప్ప ఏమీ లేదు. వెనక ఎవరో దగ్గారు, ఎవరో ఊరుకోమన్నారు. పాదాలు దూరంగా నడిచిపోయిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. తిరగాలని అతని మెడ నొప్పి పుట్టింది.

"తిరగకు!"

"తిరగలే తల్లీ, తిరగలే."

పరుగు మొదలైంది. దగ్గరికి వచ్చింది. ఆగుతుందేమో అనుకున్న చోట ఆగలేదు. బోర్డు ధన్‌మంది. ఆ తర్వాత ఏ శబ్దమూ లేని క్షణంలో జహీరుద్దీన్ కళ్లు మూసుకున్నాడు.

చప్పుడు ఒక్కటే వినిపించింది. రెండు పాదాలదీ కలిసి ఒకటే. దాని వెనక జారిన చప్పుడు లేదు, పడిన చప్పుడు లేదు. ఇన్ని పరుపులు కుట్టిన మనిషికి ఆ చప్పుడు ఎవరూ వివరించనక్కర్లేదు. హాలంతా ఒక్కసారి గోలెత్తింది. షమ్షున్నీసా చప్పట్లు, సల్మా గాజుల చప్పుడు, ప్రవీణ ఈల అన్నీ కలిసిపోయాయి. అతను తిరగబోయాడు.

"అబ్బా! నువ్వింక తిరగకు!"

"ఎందుకే?"

"మల్లొక్కసారి దుంకుత. ఈసారి గూడ కాలు కదలకుంటే సెలక్షన్లకు పంపాలె. సరే అను!"

గోల చప్పున ఆగింది. అందరూ తన వీపునే చూస్తున్నారని జహీరుద్దీన్‌కు తెలుస్తోంది. సల్మా మాట్లాడటం లేదు. తల్లి కూడా ఈసారి తీర్పు చెప్పడం లేదు. ఆ పిల్ల బేరం పెట్టిన తీరుకు నవ్వు వస్తోంది, నవ్వితే ఒప్పుకున్నట్టవుతుంది. సున్నపు గోడకు నుదురు ఆనించి, గొంతు సవరించుకున్నాడు.

అతను నోరు తెరిచేలోపే వెనక పరుగు మొదలైంది.